ఉగాదికి నల్లమల నడక – సంచిలో పవర్ బ్యాంకు

ఉగాదికి శ్రీశైలమునకు కాలినడకను పోవు నాచారము రాయలసీమయందును కర్ణాటక దేశమందును నేటికిని సన్నగిల్లలేదు. దోర్నాల మీదుగా బస్సులు పోవుచున్నను, చేతిలో డబ్బునకు లోపము లేకున్నను, నడచియే పోవలెనను పట్టుదల గలవారు వేలకొలది గలరు. కన్నడ భక్తులు భ్రమరాంబను తమ యింటి యాడపడుచుగా నెంచి, చీర, రవికె, పసుపు, కుంకుమ మూట గట్టుకొని, దినముల తరబడి నడచి వచ్చి యిచ్చిపోవుదురు. వీరు ఆత్మకూరు దాటి వెంకటాపురముకడ అడవిలో ప్రవేశింతురు. అచ్చటినుండి నాగలూటి, పెద్దచెఱువు, భీముని కొలను, కైలాసద్వారము, ఇదియే త్రోవ. కాశీయాత్ర చరిత్ర చదివిన సోదరీమణులకు ఈ పేరులు క్రొత్తవి గావు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి పోవుచు శ్రీశైలము సేవించినది యీ త్రోవనే. పులుల యభయారణ్యములోని మార్గ మగుటచే అటవీశాఖవారు దీనిని శివరాత్రికిని ఉగాదికిని మాత్రమే యాత్రికులకు విడుతురు.

విశ్వావసు నామ సంవత్సరపు ఉగాదికి, అనగా 2025 మార్చి 30వ తేదీ పండుగకు, మేమును ఈ త్రోవను నడచితిమి. మేమనగా మా అత్తగారు, మా వారు, పదునాలుగేండ్ల మా బావగారి కుమారుడు, నేను. క్షేత్రమహిమను గూర్చి వ్రాసినవారు పెక్కండ్రు గలరు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములో నొక ప్రకరణమంతయు ఈ పర్వతమునకే యిచ్చియున్నాడు. నేను వ్రాయబూనినది అంతకంటె మిక్కిలి చిన్న సంగతి. కరెంటు లేని యడవిలో రెండు దినములు నడచు కుటుంబము తన ఫోనులను ప్రాణముతో నెట్లుంచుకొనవలెను? అందులకై కొను పవర్ బ్యాంకును ఎట్లు ఎంచుకొనవలెను, ఎట్లు వాడుకొనవలెను?

దేవుని చూడబోవువారికి ఫోనుతో పని యేమని మా పొరుగింటి పెద్దమ్మగారు నవ్విరి. ఆమె నవ్వునకు కారణము లేకపోలేదు గాని, నేటి యాత్రికుని మూటలో పూర్వము వేఱువేఱుగా నుండిన వస్తువులెన్నియో ఇప్పుడు ఆ యొక్క పలకలో చేరిపోయినవి. డబ్బుసంచి యదియే, బస్సు టిక్కెట్టు అదియే, సత్రపు గది రసీదు అదియే, మందుల చీటి అదియే, చీకటిలో దీపము నదియే. అన్నింటికంటె ముఖ్యము, తప్పిపోయిన మనిషిని పిలుచు గొంతు అదియే. అది యాఱిపోయెనా, ఒక్క వస్తువు గాదు, మూటంతయు ఏటిలో బడినట్లే.

దీనికి తోడు పంచాంగమొక చిక్కు తెచ్చి పెట్టినది. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. కావున ఈ రెండు పండుగలకు ముందు నడచు రాత్రులు వెన్నెల లేని రాత్రులే. మార్చి నెల చివర నెండ మండిపోవును గనుక యాత్రికులు తెల్లవాఱుజామునను, సాయంకాలము చల్లబడిన పిమ్మటను నడువజూతురు. అనగా చీకటిలో. రాళ్ళును వేళ్ళును నిండిన కాలిబాటలో దీపము లేనిదే అడుగు పడదు. అందఱును ఫోనులోని దీపమునే వెలిగించుకొని పోవుచుందురు. ఆ దీపమొక గంట వెలుగుటకు ఫోనులోని శక్తిలో చెప్పుకోదగిన భాగము పోవును. మేము వేఱుగా మూడు చిన్న ఎల్.ఇ.డి. టార్చిలు కొంటిమి. వాని వెల స్వల్పము. ఫోను దీపమును ఎవ్వరును వెలిగింపరాదని బయలుదేరునాడే కట్టడి చేసికొంటిమి.

దీపముకంటె ఎక్కువ తినునది మఱియొకటి గలదు. అడవిలో టవరు కనబడనప్పుడు ఫోను ఊరకుండదు. మేకను పోగొట్టుకొన్న కాపరివలె మాటిమాటికి గొంతెత్తి పిలుచుచునే యుండును. ఎంత దూరమైన నంత బిగ్గఱగా బిలుచును. ఆ పిలుపునకే బ్యాటరీ కరగిపోవును. ఊరిలో రాత్రి వఱకు వచ్చు ఫోను, ఎవ్వరు తాకకుండ సంచిలోనే యున్నను, అడవిలో మధ్యాహ్నమునకే నీరసించుటకు కారణమిదియే. దీనికి మందు ఫోనులోనే యున్నది. విమానము గుర్తును నొక్కినచో ఆ పిలుపు నిలిచిపోవును. ఫోటోలు తీయవచ్చును, ముందుగా దింపుకొన్న పటమును చూడవచ్చును, గడియారము పనిచేయును. మేము బేసి గంటలకు, అనగా ఏడు, తొమ్మిది, పదునొకండు, ఈ వరుసను ఐదు నిమిషములు మాత్రము గుర్తును తీసి, సిగ్నలు దొరికిన మాటాడుకొని, మరల మూయవలెనని పెట్టుకొంటిమి. ఇద్దఱును ఒకే వేళకు తెఱచుటయే యిందలి కీలకము. ఒకరు తెఱచినప్పుడు మఱియొకరిది మూసియున్న ప్రయోజనమేమి?

ఇక కొనుట. పవర్ బ్యాంకును విద్యుత్కోశమని సంస్కృతములో నందముగా బిలువవచ్చును గాని, ఆ పేరుతో అంగడిలో నడిగిన అంగడివాడు మన ముఖమువంక చూచి యూరకుండును. కావున పవర్ బ్యాంకనియే యందును. అట్టపెట్టెమీద పెద్ద యంకెలతో 10000 యనియు, 20000 యనియు నుండును. ఇవి మిల్లీ ఆంపియర్ అవర్లు. మన ఫోను బ్యాటరీ 5000 గనుక, 10000 గల బ్యాంకుతో రెండు మాఱులు నిండునని మా బావగారి కుమారుడు క్షణములో తేల్చెను. వడ్లు దంచిన యాడువారెవ్వరు నీ లెక్క నొప్పుకొనరు. పది కుంచముల వడ్లు దంచిన పది కుంచముల బియ్యము వచ్చునా? పెట్టెమీది యంకె వడ్ల కొలత. ఫోనునకు చేరునది బియ్యపు కొలత.

మా వారు బడిలో లెక్కలు చెప్పువారగుటచే కాగితము తీసికొని వివరించిరి. లోపలి బ్యాటరీ 3.7 వోల్టులది. పదివేలను దానితో గుణించి వేయిచే భాగించిన 37 వచ్చును, ఇవి వాట్-గంటలు. అసలైన కొలత యిదియే. తీగగుండ ఫోనునకు బోవునది 5 వోల్టులకు బెంచి పంపవలెను. ఆ మార్చుటలో నూటికి పదిహేను పాళ్ళ వఱకు వేడియై పోవును. మిగిలినది 31 వాట్-గంటలు. ఫోను తాను నింపుకొనునప్పుడు మఱికొంత వేడి చేసికొనును. 5000 గల ఫోను నిండుటకు ఈ నష్టములతో గూడ 21 వాట్-గంటలు కావలెను. కావున పదివేల బ్యాంకు ఒక ఫోనును ఒకటిన్నర మాఱు నింపును, రెండు మాఱులు గాదు. నమ్మదగిన తయారీదారులు ఈ నిజమును పెట్టె వెనుక చిన్న యక్షరములలో ముద్రింతురు. రేటెడ్ కెపాసిటీ యని వ్రాసి, 10000 గల దానిపై 6000 చిల్లర యంకె వేయుదురు. ఆ చిన్న యంకె యున్న పెట్టెను నేను నమ్ముదును. పెద్ద యంకె యొక్కటే యున్నదానిని క్రింద పెట్టుదును.

పెద్ద యంకెలతో మోసపుచ్చు సరకు విస్తారముగా నమ్ముడుపోవుచున్నది. ఒక అంగడిలో 50000 యని యచ్చొత్తిన దానిని, అరచేతిలో నిముడు దానిని, నాలుగు వందల రూపాయలకే చూపిరి. దీనిని కనిపెట్టుటకు విద్యుచ్ఛాస్త్రము చదువనక్కఱలేదు, వంటింటి త్రాసు చాలును. లోపల నుండు గుండ్రని సెల్లుకు 18650 యని పేరు. ఒక్కొక్కటి రమారమి నలువదియాఱు గ్రాములు తూగును. శ్రేష్ఠమైనదైనను సాధారణముగా 3500 మించదు. పలకవలె నుండు సెల్లుల లెక్కయు దీనికి చాల దూరముగా నుండదు. పదివేలకు మూడు నాలుగు సెల్లులు కావలెను. పెంకుతో గూడ నది రెండు వందల గ్రాములకు అటునిటు తూగవలెను. ఇరువదివేలది మూడు వందల యేబదికి తక్కువ తూగుట కష్టము. ఏబదివేల దానిని త్రాసులో వేయించితిని. నూట నలువది గ్రాములు తూగెను. అంగడివాడు త్రాసు తప్పనెను. ఉల్లిపాయలు తూచునప్పుడు తప్పు కాని త్రాసు దీనికేల తప్పగునో యాతడు చెప్పలేదు.

తూకముతో పాటు చూడవలసినది ప్రభుత్వపు గుర్తు. భారతీయ ప్రమాణముల సంస్థ యగు బి.ఐ.ఎస్.లో నమోదు లేని పవర్ బ్యాంకులను మన దేశమున నమ్మరాదు. నమోదైన వస్తువు మీద ఆర్ అను అక్షరము, ఒక గీత, ఎనిమిది యంకెలు నుండును. బి.ఐ.ఎస్. కేర్ అను యాప్ నందు ఆ యంకెలను గొట్టినచో తయారీదారుని పేరు కనబడును. పెట్టెమీది పేరును, ఆ పేరును సరిపోలవలెను. అంగడిలో నిలుచుండి రెండు నిమిషములలో చేయదగిన పని యిది. కొన్న పిమ్మట ఇంటికి వచ్చి చేయుటకంటె మేలు.

వీపున ఎండపలకలు గల సోలార్ బ్యాంకు అడవికి దగినదని కొందఱు చెప్పిరి. అరచేతి పలకపై నిండు టెండ పడినను దానినుండి వచ్చునది ఒక వాట్ మాత్రము. దినమునకు ఐదు గంటల మంచి యెండ యనుకొన్నను ఐదు వాట్-గంటలు. 37 నిండుటకు వారము దాటును. పైగా నల్లమలలో త్రోవ చాలవఱకు చెట్లనీడను బోవును. అన్నింటికి మించి, బ్యాటరీని గంటలకొలది యెండలో కాచుట దాని యాయువును తగ్గించుట. ఎండకు మంచిది అప్పడము గాని బ్యాటరీ గాదు.

మా వారు ఇరువదివేలది ఒక్కటి కొందమనిరి. వెల కలిసివచ్చును, పనియు నంతే యని వారి లెక్క. నేను పదివేలవి రెండు కొందమంటిని. ఒక్కటే యైన నొకరి సంచిలోనే యుండును. నడకలో నలుగురును కలిసి పోవుట మొదటి గంట వఱకే. తరువాత పిల్లవాడు ముందు, పెద్దావిడ వెనుక, ఒకరు నీళ్ళకడ, ఒకరు నీడకడ. ఎవ్వరి యొద్ద బ్యాంకు లేదో వారే తప్పిపోవుట లోకసహజము. రెండున్నచో ముందు నడచువారి కొకటి, వెనుకవారి కొకటి. వెల నూట యేబది రూపాయలు హెచ్చయ్యెను. తూకము సరి. వారు తుదకు నా మాట వినిరి.

తీగల సంగతి యొక మాట. నేటి ఫోనులకు సి-టైపు తీగ సరిపోవును. మా అత్తగారి బొత్తాముల ఫోనునకు పాత సన్నని తీగ కావలెను. ఆ ఫోను నాలుగు దినములు నిలుచును గనుక పవర్ బ్యాంకులన్నింటికంటె నదియే గొప్పదని యామె యభిప్రాయము, నేను కాదనలేను. ఇట్టి చిన్న ఫోనును తగిలించినప్పుడు కొన్ని బ్యాంకులు, తీసికొను శక్తి స్వల్పమగుటచే, ఎవ్వరును లేరనుకొని తమంతట తామే ఆఱిపోవును. బొత్తామును రెండు మాఱులు వెంటవెంటనే నొక్కిన కొన్నింటిలో ఆ లోపము తీఱును. ఇది బయలుదేరుటకు ముందే యింట పరీక్షించుకొనవలెను.

మార్చి 27 తెల్లవాఱుజామున వెంకటాపురముకడ అడవిలో నడుగు పెట్టితిమి. మా ముందు కన్నడ భక్తుల బారు, మా వెనుక కన్నడ భక్తుల బారు. కొందఱు పొడవైన మరకాళ్ళు కట్టుకొని నడచుచుండిరి. మోదుగులు పూచిన పూలు రాలి త్రోవ యెఱ్ఱనై యుండెను. వెలుగు వచ్చునప్పటికి ఇప్పపూల వాసన యెక్కడనుండియో వచ్చి, మా అత్తగారు ఆగి ఆగి ముక్కెగబీల్చుచు నడచిరి. నాగలూటి వీరభద్రస్వామి గుడియొద్ద అంబలి పోయుచుండిరి. ఆ శిథిలములలో కూర్చుండి మేము తెచ్చుకొన్న పులిహోర తిని, తొమ్మిది గంటలకు ఫోనులు తెఱచితిమి. సిగ్నలు లేదు. మూసివేసితిమి.

ఎండ హెచ్చిన కొలది నా జాగ్రత్త సంచిలోని బ్యాంకు మీదికి బోయెను. బట్టల మధ్యను, వీపునకు తగులని వైపునను పెట్టితిని. మనిషి వేడి, ఎండ వేడి రెండును తగిలిన నది కాగును. నడచుచు ఫోను నింపుటయు మంచిది గాదు. తీగ లాగికొని లాగికొని మూతి వదులగును, రెండును వేడెక్కును. మా పక్కన నొక యువకుడు ఫోనును బ్యాంకును రబ్బరుతో నొకటిగా బిగించి, చొక్కా జేబులో వైచుకొని, పాటలు వినుచు నడచుచుండెను. గుండె దగ్గఱ నిప్పుకుంపటి కట్టుకొనుట వంటిది. మా వారు చెప్పి చూచిరి, నవ్వి యూరకుండెను.

సాయంకాలమునకు పెద్దచెఱువు చేరితిమి. చెంచుగూడెము, చెఱువు, ఆ వెనుక చీకటి. యాత్రికులకై తాత్కాలికముగా పందిళ్ళు వేసి కొన్ని దీపములు వెలిగించియుండిరి. రాత్రి చల్లబడిన పిమ్మట రెండు ఫోనులను బ్యాంకులకు దగిలించి, నూటికి ఎనుబది వఱకు నింపి తీసితిమి. చివరి యిరువది పాళ్ళు నింపుటకు కాలమును నష్టమును ఎక్కువ. తలగడ క్రింద పెట్టక, చాపకు దూరముగా పలుచని రాతిమీద పెట్టితిని. పై నున్న నక్షత్రములు మా యూర నెన్నడును అన్ని చూడలేదు. మా అత్తగారు చాలసేపు మేలుకొని యుండిరి.

రెండవనాటి నడకలో కష్టమైనది భీముని కొలను. లోయలోనికి దిగి, మరల నిట్టనిలువుగ రాతిమెట్లెక్కి కైలాసద్వారము చేరవలెను. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి పదునాలుగవ శతాబ్దమున శ్రీశైలమునకు సోపానములు కట్టించెనని చదివి యుంటిని. మోకాళ్ళు నొచ్చినప్పుడు గాని యా పుణ్యము విలువ తెలియదు. మా వారును పిల్లవాడును ముందుగా నెక్కిపోయిరి. అత్తగారితో నేను వెనుకబడితిని. లోయలో మెట్ల మొదటనే ఒక కన్నడ యువతి, ఇరువది రెండు మూడేండ్లది, రెండేండ్ల బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండి యుండెను. బిడ్డ యెండదెబ్బకు సోలియుండెను. ఆమె చేతిలోని ఫోను నల్లగా నుండెను.

మా అత్తగారి పుట్టినిల్లు ఆదోని, కన్నడము వచ్చును. ప్రక్కన కూర్చుండి, నీళ్ళు త్రాగించి, సంగతి యడిగిరి. వీరు బాగలకోట దిక్కువారు. భర్త పెద్దకొడుకును భుజమున నెత్తుకొని గుంపుతో తెల్లవాఱకముందే ముందు నడచెను. పైకి చేరి ఫోను చేసెదననెను. ఈమె ఫోను రాత్రియే ఆఱిపోయెను. గుంపు ఎచ్చట దిగునో తెలియదు. చేతిలో డబ్బు ముప్పది రూపాయలు, తక్కినదంతయు ఫోనులోనే. భర్త నంబరు కంఠపాఠము లేదు. “నంబరు ఫోనులోనే యుండెనవ్వా, నా తలలో లేదు” అని యేడ్చెను.

నా సంచిలోని బ్యాంకు తీసి తగిలించితిని. పూర్తిగా ఆఱిన ఫోను వెంటనే లేవదు. పది నిమిషములు చూచువారికి పది గడియలు. తెఱ వెలిగినంతనే నేను చేసిన మొదటి పని భర్త నంబరును కాగితముపై వ్రాసి, ఆమె కొంగున ముడివేయించుట. సిగ్నలు లేదు. బిడ్డ తలపై తడిగుడ్డ వేసి, ఉప్పును పంచదారయు కలిపిన నీళ్ళు చెంచాతో పట్టి, విశ్రమించి, నెమ్మదిగా నెక్కితిమి. బిడ్డను నేను కొంతసేపు, ఆమె కొంతసేపు మోసితిమి. కైలాసద్వారముకడ సిగ్నలు చిక్కెను. పిలిచితిమి. అతని ఫోనును ఆఱిపోయి యుండెను.

ఆమె ముఖము నేను మఱవలేను. ఇంత ప్రయాసపడి యొక కొస వెలిగించితిమి. రెండవ కొస చీకటి. ఇట్టి వేళ పనికివచ్చునది మాట గాదు, ఎస్.ఎం.ఎస్. ఆఱిన ఫోనునకు చేసిన పిలుపు గాలిలో పోవును. ఎస్.ఎం.ఎస్. మాత్రము ఫోను కంపెనీ యొద్ద నిలిచియుండి, ఆ ఫోను లేచినంతనే చేరును. మా అత్తగారు చెప్పగా ఆమె కన్నడములో వ్రాసెను: కైలాసద్వారముకడ నున్నాము, నాలుగు గంటల వఱకు ఇక్కడనే యుందుము, పాప క్షేమము. స్థలము, వేళ, క్షేమము, మూడు ముక్కలు. ఆమె క్షేత్రమునకు పోయి వెదకుదుననెను. మా అత్తగారు కదలనీయలేదు. “ఇద్దఱును వెదకుచుండిన ఇద్దఱును దొరకరమ్మా. ఒకరు కూర్చుండవలెను” అనిరి.

ఒంటిగంటకు, బేసి గంటగనుక, మా వారి పిలుపు వచ్చెను. వారి సంచిలో వారి బ్యాంకు ఉండుటచే వారి ఫోను బ్రదికి యుండెను. సంగతి చెప్పితిని. వారు తిరిగి వచ్చుచు త్రోవలోని అన్నదానపు పందిళ్ళయొద్ద బాగలకోట గుంపుకై విచారించుచు వచ్చిరి, తెలియలేదు. రెండున్నర దాటిన పిమ్మట ఆమె ఫోను మ్రోగెను. అతడు క్షేత్రములో నొక టీ యంగడివానిని బతిమాలి ఫోను తగిలించుకొనెనట, లేచినంతనే ఎస్.ఎం.ఎస్. కనబడెనట. మూడున్నరకు పరుగున వచ్చెను. పెద్దపిల్లవాడు భుజముపై నిద్రపోవుచుండెను. అతడు మాతో నేమియు మాటాడలేక మా అత్తగారి కాళ్ళకు మ్రొక్కెను. ఆ పిల్ల కొంగున నున్న కాగితమును విప్పి, మా అత్తగారి నంబరు గూడ దానిపై వ్రాయించుకొనెను. ఇప్పటికిని పండుగకు పండుగకు పిలుచుచుండును.

క్షేత్రములో మేమున్న సత్రమున వరండాకొక ప్లగ్గు పలక. దానిచుట్టు ముప్పది ఫోనులు తీగలు పెనవేసికొని, పుట్టలో పాములవలె. ఇట్టిచోట ఫోనును వదలి దర్శనమునకు బోవుట బుద్ధి గాదు. బ్యాంకును అచ్చట పెట్టి, ఫోనును మనయొద్ద నుంచుకొనవలెను. పోయినను వేయి రూపాయలతో పోవును. మన యంచగాని వేఱు ఛార్జరును వాడరాదు. సాధారణమైన పది వాట్ల ఛార్జరుతో పదివేల బ్యాంకు నిండుటకు నాలుగైదు గంటలు పట్టును, ఇరువదివేలదైన రాత్రి యంతయు. రెండు చిన్నవి కొనుటకు ఇదియు నొక కారణము.

దర్శనమైన మఱునాడు ఆనకట్ట చూడబోతిమి. ఎడమ గట్టున కొండ గర్భములో నున్న విద్యుత్కేంద్రమునందు నూటయేబది మెగావాట్ల యంత్రములు ఆఱు గలవు. అవి యిరువైపుల తిరుగగలవి. కరెంటు ఎక్కువగా నున్న వేళ క్రింది నీటిని పైకి దోడి జలాశయమున నిలువచేసి, కావలసిన వేళ మరల విడుచునట్లు కట్టినవి. మా పిల్లవాడు “ఇదియు పవర్ బ్యాంకే కదా పిన్నీ” అనెను. అవును. ఆ కేంద్రముననే 2020 ఆగస్టు 20 రాత్రి నిప్పంటుకొని తొమ్మండుగురు ఉద్యోగులు ప్రాణములు విడిచిరి. నిలువచేసిన శక్తి యెంతటిదైనను దానియెడ భయము గలిగి యుండవలసినదే.

విమానములవారికి ఆ భయము ఈ నడుమ హెచ్చినది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయమున ఎయిర్ బుసాన్ విమానమొకటి నేలమీదనే తగలబడెను. లోపల పెట్టిన పవర్ బ్యాంకే కారణమై యుండవచ్చునని విచారణలో తేల్చిరి. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌వారు 2025 ఏప్రిలు 1 నుండియు, ఎమిరేట్స్‌వారు 2025 అక్టోబరు 1 నుండియు విమానములో దానిని వాడుట నిషేధించిరి. విదేశములలోని బిడ్డలను చూడబోవు తల్లులు తెలిసికొనవలసిన దేమనగా, పవర్ బ్యాంకును పెద్దపెట్టెలో నెన్నడును వేయరాదు, చేతిసంచిలోనే యుంచవలెను. 100 వాట్-గంటల వఱకు ప్రత్యేకముగా అనుమతి యక్కఱలేదు, 160 వఱకు విమానసంస్థ యనుమతి కావలెను, ఆపైన నెక్కనీయరు. ఇరువదివేలది 74 వాట్-గంటలే గనుక చిక్కులేదు. అంకెలు చెఱిగిపోయిన దానిని తనిఖీవారు లాగికొందురు.

ఇంటికి వచ్చిన పిమ్మట దీనిని మఱచిపోవుట మన యలవాటు. మరల యాత్రకు తీసి చూచువేళకు ఆఱి, తిరిగి నిండక పోవును. పూర్తిగా ఆఱనిచ్చినను, నిండుగా నింపి నెలలకొలది యుంచినను బ్యాటరీ క్షీణించును. సగము పైచిలుకు నింపి, పొయ్యికి దూరముగా చల్లనిచోట పెట్టి, మూడు నెలల కొకమాఱు చూచుకొనిన చాలును. పెంకు ఉబ్బినట్లు తోచిన, తీపివాసన వచ్చిన, మరల నింపరాదు. గ్రుచ్చరాదు, చెత్తబుట్టలో వేయరాదు. ఇసుక పోసిన మట్టిమూకుడులో నుంచి, పాత ఎలక్ట్రానిక్ సామానులు తీసికొనువారి కప్పగింపవలెను. మా రెండును ఇప్పుడు దేవుని గూటి ప్రక్క అలమరలో నున్నవి. ఆషాఢము నెలలో నొకసారి తీసి చూచితిని. నాలుగు చుక్కలకు మూడు చుక్కలు వెలిగినవి.